అమెరికాలో చదువుకుంటూ వారాంతపు నిరసనకు వెళ్లాలంటే ఏం చేయాలి?

వేసవిలో శనివారం పొద్దున పదకొండింటికి న్యూయార్క్‌లో ఊరేగింపు మొదలైతే, ఇక్కడ కావలిలో రాత్రి ఎనిమిదిన్నర. అక్కడ సాయంత్రం ఐదుకు ముగిసేసరికి ఇక్కడ తెల్లవారుజామున రెండున్నర. మా తమ్ముడు మొదటిసారి వెళ్లినప్పుడు ఫోన్ ఛార్జింగ్ అయిపోయింది. నాలుగింటి దాకా కబురు లేదు. అమ్మ వసారాలో మంచం మీద కూర్చునే ఉంది. రెండోసారి వెళ్లే ముందు వాడూ నేనూ వీడియో కాల్‌లో కూర్చుని అన్నీ రాసుకున్నాం. అవే ఇవి.

ముందు ఇంట్లో చెప్పండి. టెన్షన్ పడతారని దాచొద్దు. నిరసన అంటే తెలియని జిల్లా కాదు మన నెల్లూరు. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడితే, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా ఆగిపోయింది. కలిగిరి వైపు పుట్టిన మా అమ్మమ్మ ఆ రోజుల గురించి ఒకటే మాట చెబుతుంది: "అందరం కలిసి పోయాం, అందరం కలిసే వచ్చాం." మీరూ ఒంటరిగా వెళ్లొద్దు. తోడు ఒకరుండాలి. ఎన్ని గంటలకు మెసేజ్ పెడతారో ఇంట్లో చెప్పి, ఆ టైముకు పెట్టండి.

తర్వాత, అది ఎలాంటి సభో చూసుకోండి. ఎవరు పిలిచారు, అనుమతి ఉందా, ఏ దారిన వెళ్తుంది? శాంతంగా గుమిగూడే హక్కు అక్కడ పౌరులు కానివారికీ ఉంది. కానీ 2025లో నిరసనల్లో పాల్గొన్న కొందరు విదేశీ విద్యార్థుల వీసాలు రద్దయ్యాయి. కాబట్టి హక్కు ఉంది కదా అని ధీమాగా ఉండలేం. సందేహముంటే వెళ్లకముందే ఇమిగ్రేషన్ లాయరును అడగండి. వెళ్లకపోతే పిరికితనమని ఎవరన్నా పట్టించుకోకండి, నిర్ణయం మీది.

కాగితాల విషయం. 18 ఏళ్లు దాటిన విదేశీయులు ఐ-94 (దేశంలోకి వచ్చినట్టు నమోదు చేసే పత్రం) లాంటి రిజిస్ట్రేషన్ కాగితం వెంట ఉంచుకోవాలన్నది అక్కడి చట్టం. దానితో పాటు ఐ-20, అంటే స్టూడెంట్ వీసా కోసం కాలేజీ ఇచ్చే పత్రం, కాపీ పెట్టుకోండి. లాయరు నంబరు, మీ తోడు నంబరు చేతి మీద పెన్నుతో రాసుకోండి. ఫోన్ పోతే ఆ రెండే దిక్కు. ఫోన్‌కు వేలిముద్ర తీసేసి పాస్‌కోడ్ పెట్టండి. పవర్ బ్యాంక్, నీళ్లు, బూట్లు మరిచిపోవద్దు.

అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాల్సింది సభ దగ్గర వేసే బల్లల విషయంలో. అక్కడ నవ్వుతూ పలకరించి ఫారం చేతికిస్తారు. అది ఓటరు నమోదు ఫారం కావచ్చు. సంతకం పెట్టకండి. పౌరులం కాకుండా పౌరులమని రాస్తే జీవితాంతం వీసా, గ్రీన్ కార్డు దారి మూసుకుపోవచ్చు. విరాళం డబ్బా కూడా అంతే. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు అక్కడి ఎన్నికల అభ్యర్థులకు డబ్బులివ్వడం నిషేధం. మా తమ్ముడి చేతికి ఫారం వచ్చింది, పేరు కూడా సగం రాశాడు. పక్కనున్న స్నేహితుడు "ఒరేయ్, ఆగు" అని లాక్కున్నాడు. ఆ మాట చెప్పినప్పుడు నాకు గుండె ఆగినంత పనైంది.

పోలీసులు వెళ్లిపొమ్మంటే వాదించకుండా వెంటనే కదలండి. ఆపితే "నేను వెళ్లొచ్చా?" అని అడగండి. వద్దంటే, మాట్లాడనని, లాయరు కావాలని మర్యాదగా చెప్పండి. అబద్ధం చెప్పొద్దు, చదవని కాగితం మీద సంతకం పెట్టొద్దు. భారత కాన్సులేట్‌కు కబురు పంపమని అడిగే హక్కు ఉంది. కేసు తర్వాత కొట్టేసినా, వీసా ఫారంలో ఎప్పుడైనా అరెస్టయ్యారా అన్న ప్రశ్నకు నిజమే రాయాలి.

ఫొటోల్లో ఇతరుల ముఖాలు పెట్టకండి. 2025 జూన్ నుంచి స్టూడెంట్ వీసా దరఖాస్తుదారులు తమ సోషల్ మీడియా ఖాతాలను అందరికీ కనిపించేలా ఉంచాలని అమెరికా అడుగుతోంది. రేపు మీ వెనక నిలబడ్డ పిల్ల వీసాకు వెళ్లాలి కదా.

ఆదివారం కూడా ఉంటే, శనివారం రాత్రి కడుపు నిండా తిని పడుకోండి. ఒళ్లు సహకరించకపోతే మానేయండి.

రెండోసారి తమ్ముడు ఇక్కడి టైము రెండున్నరకు మెసేజ్ పెట్టాడు: "గదికొచ్చా. పప్పన్నం తింటున్నా." అమ్మ అది నాచేత రెండుసార్లు చదివించుకుని, వసారా లైటు తీసేసింది.