థరోబ్రెడ్ గుర్రం కొంటున్నారా? డబ్బు చేతిలో పెట్టే ముందు ఇవి చూడండి

థరోబ్రెడ్ అంటే పందేల కోసం పెంచే గుర్రాల జాతి. నెల్లూరు, కావలి, ఒంగోలు చుట్టుపక్కల ఎవరైనా ‘రేసు గుర్రం ఉంది, కొంటారా’ అని అడిగితే, అది చాలావరకు పందేలు మానేసి చేతులు మారిన గుర్రమే అయి ఉంటుంది. అందులో తప్పేం లేదు. బాగా చూసుకునేవాళ్లు దొరికితే అలాంటి గుర్రం ఇంకా చాలా ఏళ్లు హాయిగా బతుకుతుంది. కానీ మెరిసే ఒళ్లు చూసి అడ్వాన్స్ ఇచ్చేయకండి.

1. కాగితాలు అడగండి

చూసి తేల్చే జాతి కాదిది. తల్లీతండ్రీ వివరాలతో ఇండియన్ స్టడ్ బుక్‌లో (మన దేశంలో ఈ జాతి గుర్రాల రిజిస్టరు) నమోదై, పాస్‌పోర్టు, అంటే గుర్రం గుర్తింపు పుస్తకం, ఉండాలి. గుర్తింపు నంబరు ఉండే మైక్రోచిప్ మెడ లోపల ఎడమవైపు, జూలు కింద ఉంటుంది. స్కానర్ ఉన్న పశువుల డాక్టర్‌తో నంబరు చదివించి పాస్‌పోర్టుతో సరిచూడండి. స్కానర్ దొరక్కపోతే సుళ్లు చూడండి. మనవాళ్లు అచ్చొస్తుందా లేదా అని సుళ్లు చూస్తారు. పాస్‌పోర్టులో మాత్రం అవి గుర్తింపు కోసం. ఏ సుడి ఎక్కడుందో, ఏ కాలికి తెలుపు ఎంతవరకు ఉందో అందులో రాసి ఉంటుంది. ‘కాగితాలు తర్వాత పంపిస్తా’ అంటే, జాతి పేరు చెప్పి అడిగే ధర ఇవ్వకండి.

2. నోరు తెరిపించండి

ఒంగోలు ఎద్దుకి పళ్లు చూసి వయసు చెప్పే అలవాటు ఇక్కడా పనికొస్తుంది. ఎద్దుకి పైన ముందుపళ్లు ఉండవు, గుర్రానికి పైన ఆరు, కింద ఆరు ఉంటాయి. రెండున్నరేళ్లకి నడిమి జత, మూడున్నరకి దాని పక్కవి, నాలుగున్నరకి చివరివి పాలపళ్లు రాలి కొత్తవి వస్తాయి. అయిదేళ్లకి నోరు నిండుతుంది. ఆపైన పళ్లు చూసి చెప్పేది అంచనానే.

3. కాళ్లకి ఎక్కువ టైమ్ ఇవ్వండి

నా లెక్కలో సగం బేరం ఇక్కడే తేలుతుంది. పరిగెత్తిన గుర్రానికి దెబ్బ తగిలేది ఎక్కువగా ముందుకాళ్లకే. పొద్దున్నే, దాన్ని ఇంకా బయటికి తీయకముందే వెళ్లండి. మోకాలి కింద వెనకవైపు నరం (టెండన్) మీద పైనుంచి కిందికి మెల్లగా చెయ్యి వేయండి. బిగించిన తాడులా నున్నగా తగలాలి. ఎక్కడైనా వేడిగా ఉన్నా, ఉబ్బినా, నొక్కితే కాలు లాక్కున్నా ఆగండి. రెండు కాళ్లూ పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. తర్వాత సిమెంటు రోడ్డు మీద పగ్గం వదులుగా పట్టి, చిన్న పరుగులో నడిపించమనండి. నొప్పి ఉన్న ముందుకాలు నేలకి ఆనినప్పుడల్లా తల పైకి లేస్తుంది. నొప్పి మందు ఇస్తే కుంటడం కనిపించదు, అందుకే చెప్పకుండా ఇంకోసారి వెళ్లి చూడండి.

4. రక్తపరీక్ష చేయించండి

గ్లాండర్స్ మనుషులకీ అంటుకునే జబ్బు. తేలితే గుర్రాన్ని చంపేయాల్సిందే. పశువుల ఆసుపత్రి ద్వారా శాంపిల్ పంపించి, రిపోర్టు వచ్చాకే బండి ఎక్కించండి.

5. ఇంటికి తెచ్చేటప్పుడు

ప్రయాణానికి డాక్టర్ ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తప్పనిసరి. అమ్మినట్టు సంతకంతో కాగితం రాయించుకోండి. మన ఎండల్లో కొన్ని గుర్రాలకి చెమట పట్టడం ఆగిపోతుంది, కాబట్టి పరుగు తర్వాత చెమట పట్టిందో లేదో ముందే చూసి ఉండాలి. అది అక్కడ తింటున్న దాణా కూడా వారానికి సరిపడా అడిగి తెచ్చుకుని, కొత్తది కొంచెం కొంచెంగా కలపండి. గుర్రం వాంతి చేసుకోలేని జంతువు, మేత ఒక్కసారిగా మారిస్తే కడుపునొప్పితో ప్రాణం మీదికి రావచ్చు.