హార్మోనియం స్వయంశిక్షణ – ఆరవ పాఠం: ఉన్న పెట్టె మీదనే శ్రుతి మార్చడం

గత పాఠంలో మాయామాళవగౌళ రాగంలోని సరళీ స్వరాలను (తొలి సాధన వరుసలను) ఒకటో శ్రుతిలో, అంటే C మెట్టును స గా పెట్టుకొని, రెండు కాలాలలో (వేగాలలో) వాయించాము. ఈసారి వాటినే రెండో శ్రుతికి (స = D), ఆపైన నాలుగో శ్రుతికి (స = F) మార్చుదాము.

సరిగ్గా ఈ దశలోనే చాలామందికి కొత్త పెట్టె మీదకు మనసు పోతుంది. దేవరకొండ వైపు ఏ గుడిలో భజనకు కూర్చున్నా మగవారు రెండో శ్రుతి పెట్టమంటారు, ఆడవారు ఐదున్నర (స = G పక్కన పైనున్న నల్ల మెట్టు) పెట్టమంటారు. వేళ్లు తడబడేసరికి, మెట్ల పలకనే పక్కకు జరిపే స్కేల్ ఛేంజర్ కొంటే పీడ విరగడవుతుందనిపిస్తుంది. నేర్చుకునే దశలో దానిని కొనవద్దని నా సలహా. ఆ పెట్టెలో లోపమేమీ లేదు గాని, దానికి అలవాటుపడిన వేళ్లు ఒకే వరుసను ఎరుగుతాయి. పొరుగూరి గుడిలోని మామూలు పెట్టె ముందు కూర్చుంటే చేయి ఆడదు. చేతిలో ఉన్న వాద్యం మీదనే పట్టు సాధించాలి: మన నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన దర్శనం మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ తెచ్చిపెట్టింది పన్నెండు మెట్ల కిన్నెర అనే తీగల వాద్యం ఒక్కటే కదా.

ఇక లెక్క చూడండి. నల్ల మెట్లను కూడా కలుపుకొని ఒక్కో మెట్టూ లెక్కిస్తే, స నుండి రికి 1, రి నుండి గకు 3, గ నుండి మకు 1, మ నుండి పకు 2, ప నుండి దకు 1, ద నుండి నికి 3, ని నుండి పై సకు 1. మొత్తం 12. షడ్జాన్ని (స) ఏ మెట్టు మీద పెట్టినా ఈ లెక్క మారదు. ఒకటో శ్రుతిలో రి, ద మాత్రమే నల్ల మెట్లు కాగా, రెండో శ్రుతిలో రి, గ, ద, ని నాలుగూ నల్ల మెట్లే. అయినా వేళ్ల వరుస ఏమీ మారదు: స బొటనవేలు, రి చూపుడు వేలు, గ మధ్యవేలు, ఆ తరువాత బొటనవేలిని అరచేతి కిందుగా తెచ్చి మ పట్టుకోవాలి.

చిక్కంతా నాలుగో శ్రుతిలోనే ఉంది. అక్కడ రి, మ, ద నల్ల మెట్లు. పొట్టిదైన బొటనవేలు నల్ల మెట్టు మీదకు ఎక్కితే మణికట్టు మెలితిరిగి వేగం పోతుంది కనుక, మధ్యమాన్ని (మ) ఉంగరపు వేలితోనే నొక్కి, బొటనవేలిని పంచమం (ప) దగ్గర దించాలి. అవరోహణలో పంచమం వాయించిన బొటనవేలిని కదపకుండా, ఉంగరపు వేలిని దాని మీదుగా దాటించి మధ్యమం అందుకోవాలి. ఈ ఒక్క మలుపునే విడిగా, విలంబంలో (నెమ్మదిగా) సాధన చేయండి.

శ్రుతి మారినప్పుడు తిత్తి కొట్టే చేతికీ పని మారుతుంది. మంద్రస్థాయి (కింది స్థాయి) రీడ్లు, అంటే గాలికి కంపించి పలికే లోహపు నాలుకలు, పెద్దవి కావడం చేత గాలి ఎక్కువ తీసుకుంటాయి. మీ పెట్టెలో ఏ రీడు ఆలస్యంగా పలుకుతుందో, ఏది గాలిని త్వరగా ఖాళీ చేస్తుందో తెలుసుకోవడానికి, ఒక్కో మెట్టునూ ఒకే తిత్తి గాలితో చివరిదాకా పలికించి వినండి. స్టాపర్లు (గాలి దారి తెరిచే గుబ్బలు) తెరిచి, ఏ మెట్టూ నొక్కకుండా తిత్తి కొట్టినప్పుడు ఏదైనా రీడు దానంతటదే మోగితే, దాని మూత కింద దుమ్ము చేరి ఉండవచ్చు, లేదా స్ప్రింగు వదులై ఉండవచ్చు. దానిని బాగు చేయించాకే సాధనకు కూర్చోండి.

వచ్చే పాఠంలో జంట స్వరాలను (ఒక్కో స్వరం రెండేసిసార్లు వచ్చే వరుసలను) ఐదున్నర శ్రుతిలో వాయిద్దాము. అప్పటికి నాలుగో శ్రుతి మలుపు మెట్లు చూడకుండా రావాలి.