చిన్న వ్యానులో కూలెంట్ మార్చడం ఎలా? (రేడియేటర్‌లో బోరు నీళ్లు పోసేవాళ్ల కోసం)

నల్లగొండ చుట్టుపక్కల ఏ ఇంట్లోనైనా నీళ్లు కాగబెట్టే గిన్నె అడుగు చూడండి. తెల్లటి సున్నం పొర కట్టి ఉంటుంది. గీజర్ కాయిల్ బయటికి తీస్తే ముగ్గుపిండిలో ముంచి తీసినట్టుంటుంది. అవే నీళ్లు వ్యాను రేడియేటర్‌లో పోసి, ఎండకాలం రాగానే "బండి హీటెక్కుతున్నది, కంపెనోడు మోసం చేసిండు" అని తిట్టేవాళ్లను పదకొండేళ్ల నుంచి చూస్తున్నాను. నాది వాటర్ క్యాన్ల వ్యాపారం. మొదట పాత ఓమ్ని ఉండేది, ఇప్పుడు ఈకో కార్గో. రెండింటికీ కూలెంట్ (నీళ్లతో కలిసి ఇంజన్ వేడిని లాగే ద్రవం) నేనే మారుస్తాను. ఓమ్నికి మొదటిసారి మెకానిక్ దగ్గర చేయించాను. ఎందుకు మానేశానో కింద చెప్తాను.

మన జిల్లా పేరెత్తితే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది. ఫ్లోరైడు మనుషుల ఎముకలను పట్టింది, రేడియేటర్‌ను పట్టేది మాత్రం అది కాదు. నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లవణాలు వేడికి గట్టిపడి గొట్టాల లోపల పొరలు పొరలుగా అంటుకుంటాయి. రేడియేటర్ గొట్టాలే సన్నవి, వాటిలో పొర పేరుకుంటే ఇక నీళ్లు తిరిగేదెక్కడ? తాగే నీళ్లకు టీడీఎస్ (అంటే నీళ్లలో కరిగి ఉన్న లవణాల మొత్తం) లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలనేది మన దేశ ప్రమాణం. వేరే దిక్కు లేకపోతే 2000 దాకా సర్దుకోవచ్చంటుంది. మా బోరులో మీటరు పెడితే 1400 చూపించింది. నల్లాలో వచ్చే కృష్ణా నీళ్లు అందులో మూడో వంతు కూడా చూపించవు. నీళ్లు అమ్ముకునేవాణ్ని కాబట్టి మీటరు ఎప్పుడూ జేబులోనే ఉంటుంది. పక్కింటివాళ్ల నీళ్లు కూడా కొలిచి వాళ్లకు విసుగు తెప్పిస్తుంటాను.

కావలసినవి

కూలెంట్ (కాన్‌సన్‌ట్రేట్, అంటే నీళ్లు కలపనిది), ఐదారు లీటర్ల బ్యాటరీ వాటర్ (లవణాలు తీసేసిన నీళ్లు), వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బు, గరాటు, పకడు, పాత బట్టలు, చేతికి గ్లౌజులు, పాత కూలెంట్ పట్టుకోవడానికి మూత ఉన్న ఖాళీ క్యాను. అంతే.

రంగు చూసి కూలెంట్ కొనకండి. ఆకుపచ్చ, ఎరుపు, నీలం అనేవి కంపెనీలు కలిపే రంగులే. ఒకే రంగులో ఉన్నంత మాత్రాన రెండు కూలెంట్లు ఒకటే రకం కావు. మీ బండి మాన్యువల్‌లో ఏ రకం రాసి ఉందో అదే కొనండి, పాతదాంట్లో కొత్త రకం కలపకండి. "మనకు మంచు పడదు కదా, కూలెంట్ ఎందుకు?" అని అడిగేవాళ్లుంటారు. గడ్డకట్టకుండా ఆపడం దాని పనుల్లో ఒకటే. తుప్పు పట్టనివ్వదు, అల్యూమినియం హెడ్డును (ఇంజన్ పై భాగాన్ని) తినెయ్యనివ్వదు, నీళ్లకంటే ఆలస్యంగా మరుగుతుంది. 44, 45 డిగ్రీల ఎండలో తిరిగే మనకే అది ఎక్కువ అవసరం.

ఎన్నాళ్లకు మార్చాలి? మాన్యువల్‌లో ఎంత రాసినా నేను రెండేళ్లకోసారి మారుస్తాను. మీరూ అంతే చేయండి.

పాతది దించడం

ఈ పని పొద్దుగాలే పెట్టుకోండి. రాత్రంతా ఆగి ఉన్న బండికే చేయాలి. "గంట ఆగింది, చల్లారింది" అంటే కుదరదు.

బండి ఆరుబయట సమంగా ఉన్న చోట ఆపండి. లోపల హీటరు ఉన్న మోడలైతే దాన్ని పూర్తి వేడి వైపు తిప్పండి. రేడియేటర్ మూత తీయండి. రేడియేటర్ అడుగున డ్రెయిన్ ప్లగ్గు ఉంటే చేత్తో తిప్పండి, పకడుతో బలవంతం చేయకండి, అది ప్లాస్టిక్, విరుగుతుంది. మొరాయిస్తే వదిలేసి కింది పైపు క్లిప్పు జరిపి పైపు ఊడదీయండి.

వచ్చిందంతా టబ్బులో పట్టి ఎన్ని లీటర్లు వచ్చిందో కొలిచి రాసుకోండి. ఇది ఎవరూ చెయ్యరు. తర్వాత మీకు ఉండే గట్టి లెక్క ఇదొక్కటే.

ఆ టబ్బును వాకిట్లో వదిలేసి లోపలికి పోవద్దు. కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, విషం. కుక్కలు, మేకలు నాకుతాయి. పిల్లలున్న ఇల్లయితే చెప్పనక్కర్లేదు. వెంటనే క్యానులో పోసి మూత బిగించండి. మోరీలో, చేనులో పారబోయకండి. వాడిన ఇంజన్ ఆయిల్ తీసుకునే గ్యారేజీలో అడిగి ఇవ్వండి.

కడగడం

ప్లగ్గు పెట్టి నల్లా నీళ్లు నింపండి, ఇంజన్ కాసేపు తిప్పండి, ఆపి చల్లారాక దించండి. నీళ్లు తేటగా వచ్చేదాకా రెండు మూడుసార్లు చేయాలి. చివరిసారి మాత్రం బ్యాటరీ వాటరే. చివరి కడుగు కూడా బోరు నీళ్లతో కానిస్తే ఈ పనంతా ఎందుకు చేసినట్టు?

కలపడం

ఎంత దించినా ఇంజన్ బ్లాకులో కొన్ని నీళ్లు మిగులుతాయి. సగం సగం కలిపి అమ్మే రెడీమేడ్ కూలెంట్ ఇప్పుడు పోస్తే అది ఇంకా పలచనవుతుంది. అందుకే నేను కాన్‌సన్‌ట్రేటే కొంటాను. మాన్యువల్‌లో మొత్తం ఎన్ని లీటర్లు పడుతుందో చూసి, అందులో సగం కాన్‌సన్‌ట్రేట్ ముందు పోస్తాను. మిగతాది బ్యాటరీ వాటర్. మా దుకాణంలోని ఆర్‌వో నీళ్లు పోయొచ్చు కదా అని అడుగుతారు. బోరు కంటే నయమే, కానీ రుచి కోసం మేమే టీడీఎస్ కొంత ఉంచుతాం. బ్యాటరీ వాటర్ ఖర్చు పెద్దదేం కాదు, అక్కడ కక్కుర్తి వద్దు.

గాలి తీయడం: అందరూ చెడగొట్టేది ఇక్కడే

నింపడం వేరు, నిండడం వేరు. మూత దాకా కూలెంట్ కనిపించిందంటే లోపలంతా నిండిందని కాదు.

కారులో ఇంజన్, రేడియేటర్ పక్కపక్కనే ఉంటాయి. ఓమ్ని, ఈకో లాంటి వ్యాన్లలో ఇంజన్ ముందు సీటు కింద, రేడియేటర్ బండి ముక్కు దగ్గర. రెండింటి మధ్య పొడుగు పైపులు. కూలెంట్ పోస్తుంటే ఆ దారిలో ఎక్కడ ఎత్తుగా ఉంటే అక్కడ గాలి చిక్కుకుంటుంది. దీన్నే ఎయిర్ లాక్ అంటారు. పైగా ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంట్ దారిని తెరిచి మూసే వాల్వు) మూసుకొని ఉంటుంది, దాని వెనకాల గాలి ఉంటే బయటికి రాలేదు.

ఆ గాలితో బండి తిప్పితే ఏమవుతుంది? గాలి ఉన్న చోట హెడ్డుకు కూలెంట్ తగలదు, అక్కడ కాగిపోతుంది. ఉష్ణోగ్రత సెన్సార్ గాలిలో తేలుతుంటే ముల్లు చల్లగానే చూపిస్తుంది. హెడ్డు ఉడుకుతున్నా మీటరు మాత్రం నిమ్మళంగా ఉంటుంది. అందుకే "మీటరు బానే ఉన్నది, ఉన్నట్టుండి హెడ్డు పోయింది" అంటారు. నా ఓమ్నికి అయిందీ ఇదే. మెకానిక్ కూలెంట్ పోశాడు, మూత పెట్టాడు, ఐదు నిమిషాలు తిప్పాడు, "అయిపోయిందన్నా, తీసుకపో" అన్నాడు. నాలుగో రోజు నకిరేకల్ దాటకముందే హెడ్ గ్యాస్కెట్ (హెడ్డుకు, ఇంజన్ బ్లాకుకు మధ్య ఉండే పొర) పోయింది. మళ్లీ పోతే అదే మెకానిక్ థర్మోస్టాట్ పీకి పక్కన పడేసి, "మన ఎండలకు ఇదెందుకన్నా" అన్నాడు. అది లేకపోతే ఇంజన్ సరైన వేడికి రావడానికి చాలాసేపు పడుతుంది, పెట్రోలు తాగుతుంది. అసలు జబ్బైన గాలి మాత్రం అట్లాగే ఉంటుంది. అప్పటి నుంచి ఈ పని ఎవరి చేతికీ ఇవ్వలేదు.

సరే, పద్ధతి. మూత ఉన్న మూతి మొత్తం దారిలో అన్నిటికంటే ఎత్తులో ఉండాలి. గాలి పైకే పోతుంది కాబట్టి దానికి పైన దారి చూపించాలి. మోడల్‌ను బట్టి మూత చోటు మారుతుంది, మీ బండిలో ఎక్కడుందో ముందు చూసుకోండి. మూత ముందు వైపుంటే ముందు చక్రాలు ఎత్తులో ఉండాలి. నేను కాల్వ కట్ట ఎక్కే ర్యాంపు మీద బండి ఎక్కించి, హ్యాండ్ బ్రేక్ లాగి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, చక్రాల వెనక పెద్ద రాళ్లు పెడతాను. రాళ్లు పెట్టకుండా హ్యాండ్ బ్రేక్‌ను నమ్మేవాళ్లు ఈ పనికి దూరంగా ఉండండి. జాకీ మీద లేపి ఇంజన్ నడపడం అసలే వద్దు. గాలి తీసే స్క్రూ ఉన్న మోడలైతే దాన్ని కొంచెం వదులు చేసి, బుడగలు ఆగి కూలెంట్ ధార వచ్చాక బిగించండి.

ఇప్పుడు పోయండి, నెమ్మదిగా. బిందెలోకి వొంపినట్టు కాదు, పసిపిల్లకు పాలు పట్టినట్టు. ఒక లీటరు పోసి ఆగండి, పైనా కిందా పైపులను చేత్తో పిసకండి. బుడబుడమని గాలి వస్తుంది, మట్టం తగ్గుతుంది, మళ్లీ పోయండి. మొదట దించినప్పుడు ఎన్ని లీటర్లని రాసుకున్నారో, ఇప్పుడు సుమారు అంతే పట్టాలి. నాలుగు లీటర్లు దించినచోట మూడే పట్టి నిండినట్టు కనిపిస్తే ఆ లీటరు జాగాలో గాలి ఉంది. రాసుకోమన్నది ఇందుకే.

మూత తీసి ఉంచే ఇంజన్ స్టార్ట్ చేయండి, ఐడ్లింగ్‌లో వదిలేయండి. ఏసీ వద్దు. ముఖం మూతి మీదికి పెట్టి తొంగి చూడకండి, బుడగతో పాటు వేడి కూలెంట్ ఎగిరి పడుతుంది. పది పదిహేను నిమిషాలు ఏమీ జరగదు. ఇక్కడే చాలామందికి ఓపిక అయిపోయి మూత పెట్టేస్తారు. ఆగండి. 80 డిగ్రీలు దాటాక థర్మోస్టాట్ తెరుచుకుంటుంది. రేడియేటర్‌కు పోయే పైపు అప్పటిదాకా చల్లగా ఉండి ఒక్కసారిగా వేడెక్కుతుంది, మట్టం గుటుక్కున దిగుతుంది, బుడగలు వస్తాయి. మట్టం దిగినప్పుడల్లా కూలెంట్ పోయండి. కొంచెం రేసు ఇచ్చి వదలండి, మళ్లీ ఇవ్వండి. బుడగలు పూర్తిగా ఆగాక మూత పెట్టి బిగించండి. తర్వాత ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా ఇంజన్ నడవనివ్వండి. ఫ్యాన్ ఒక్కసారీ తిరగకుండా ముల్లు పైకి పోతుంటే వెంటనే ఆపేయండి. గాలి ఇంకా ఉంది, లేదా ఫ్యాన్ పని చేయట్లేదు.

ఒకసారి మూత పెట్టాక, బండి వేడిగా ఉండగా మళ్లీ తీయకండి. సగం సగం కలిపిన కూలెంట్ మామూలుగానే 106, 107 డిగ్రీల దాకా మరగదు. మూత పట్టి ఉంచే ఒత్తిడికి అది 120 దాటినా మరగకుండా ఉంటుంది. మూత తిప్పిన క్షణంలో ఆ ఒత్తిడి పోయి అంతా ఒకేసారి మరిగి పైకి తన్నుకొస్తుంది. మే నెలలో దేవరకొండ రోడ్డు మీద మా బామ్మర్ది ఇదే చేశాడు, తడి గుడ్డ వేసి పట్టుకున్నాను కదా అని. మోచేతి దాకా కాలింది. ఇప్పటికీ ఫుల్ షర్టే వేస్తాడు. దారిలో హీటెక్కితే ఇంజన్ ఆపి, నీడకు కూర్చొని, కనీసం గంట ఆగండి. వేడి ఇంజన్‌లో చల్లనీళ్లు పోస్తే హెడ్డు పగలొచ్చు.

మూత మీద 0.9 అనో 1.1 అనో అంకె ఉంటుంది, అది ఆ మూత పట్టి ఉంచే ఒత్తిడి. రబ్బరు పగిలితే అదే అంకె మూత కొనండి. పక్క బండిది సరిపోయింది కదా అని పెట్టుకోకండి.

మర్నాడు, ఆ మర్నాడు

రాత్రి చల్లారేటప్పుడు ఇంజన్, కూలెంట్ నిల్వ ఉండే ప్లాస్టిక్ డబ్బాలోంచి కూలెంట్ లాక్కుంటుంది. కాబట్టి పొద్దున మట్టం తగ్గి ఉండడం మామూలే. మిన్, మ్యాక్స్ గీతల మధ్యకు నింపి, బరువు లేకుండా ఓ పది కిలోమీటర్లు తిప్పండి. మొదటి రోజే క్యాన్లు ఎక్కించకండి. 20 లీటర్ల క్యాన్లు 30 పెడితే నీళ్ల బరువే 600 కిలోలు, గాలి ఉందో లేదో తెలియని ఇంజన్ మీద ఆ భారం వద్దు. లోపల నేల మీద ఇనుప రేకు పరిపించుకునేవాళ్లకూ ఒక మాట. సీటు కింద ఇంజన్ మూత తెరుచుకునేలా రేకును ముక్కలుగా కోయించండి. నేను మొదటిసారి ఒకటే రేకు బిగించి, పైపు మార్చడానికి అరపూట ఊడదీశాను.

చెరువుగట్టు జాతరకు పోతూ ముందు గ్రిల్లుకు ఫ్లెక్సీ కట్టేవాళ్లను కూడా చూస్తుంటాను. దాని వెనకాలే రేడియేటర్ ఉంది, దానికి గాలి కావాలి. పక్కకు కట్టుకోండి.

రెండో పొద్దున మళ్లీ చూడండి, మూడో పొద్దున కూడా. మూడోసారికి మట్టం కదలకూడదు. ఇంకా తగ్గుతుంటే బండి కింద అట్టముక్క పరిచి రాత్రంతా వదలండి. తడి ఉంటే పైపు క్లిప్పు దగ్గరో, వాటర్ పంపు దగ్గరో లీకు. ఆ లీకుకు పసుపు పోస్తే పూడుతుందని ఎవరైనా చెప్తే వినకండి. లీకుతో పాటు రేడియేటర్ సన్న గొట్టాలు కూడా పూడుతాయి. అట్ట పొడిగా ఉండి మట్టం తగ్గుతుంటే, ఇంజన్ వేడెక్కాక కూడా సైలెన్సర్ నుంచి తెల్ల పొగ ఆగకపోతుంటే, ఆయిల్ గేజ్ కడ్డీ మీద మజ్జిగ లాంటి నురుగు కనిపిస్తుంటే, కూలెంట్ ఇంజన్ లోపలికే పోతున్నట్టు. ఇంకో కిలోమీటరు కూడా నడపకుండా బండిని తాడు కట్టి లాగించుకొని పోండి.