పియానో కచేరీలో ఎడమవైపు సీటు

హైదరాబాద్‌లో ఎక్కడైనా వయొలిన్, వయోలా, చెల్లో, పియానో కలిసిన ఛాంబర్ మ్యూజిక్ (కొద్దిమందే కలిసి వాయించే పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం) కచేరీ ఉంటే, ట్రాఫిక్‌కి కాస్త టైమ్ కలుపుకుని ముందే వెళ్లండి. వేదికకు ఎదురుగా చూస్తే మనకు ఎడమవైపు సీట్లు పట్టుకోండి. గ్రాండ్ పియానో మెట్లు సాధారణంగా అటే ఉంటాయి, వాయించేవారి వేళ్లు చక్కగా కనిపిస్తాయి.

చప్పట్ల విషయం ఇంకా ముఖ్యం. మన కర్ణాటక కచేరీల్లో తని ఆవర్తనం (మృదంగం లాంటి తాళవాద్యాల సోలో) అవగానే కొట్టేస్తాం. ఇక్కడ ఆగాలి. ఉదాహరణకి, జర్మన్ స్వరకర్త షూమన్ 1842లో రాసిన పియానో క్వింటెట్‌కి (పియానోతో కలిపి ఐదు వాద్యాల రచన) నాలుగు భాగాలు. మొదటిది ఉత్సాహంగా ముగుస్తుంది, చేతులు ఊరుకోవు. కానీ వెంటనే వచ్చేది శవయాత్ర నడకలాంటి నెమ్మది సంగీతం. ఆ మధ్య నిశ్శబ్దం దయచేసి చెడగొట్టకండి. నాలుగూ అయ్యాక, వాయించేవారు కమాన్లు కిందికి దించాకే చప్పట్లు.