జిమ్ మానేసి ఇంట్లో వ్యాయామం మొదలుపెట్టే ముందు

బీపీ వల్లో, నడుములో డిస్క్ జారడం వల్లో, హెర్నియా ఆపరేషన్ అయ్యాకో డాక్టర్ "ఇక పెద్ద బరువులు ఎత్తకండి" అంటారు. మర్నాడే ఇంట్లో పుషప్స్ మొదలవుతాయి. బరువు లేదు కదా, ఏమవుతుందిలే అన్న ధైర్యం. నేనూ అలాగే మొదలుపెట్టాను.

మూడో రోజు ప్లాంక్ (మోచేతులు, కాలి వేళ్ల మీద ఒళ్లు నిటారుగా నిలిపి ఉంచడం) రెండు నిమిషాలు పట్టాలని పంతం పట్టాను. చివరి అరనిమిషం దవడ బిగిసిపోయింది, చెవుల్లో గుండె చప్పుడు వినిపిస్తోంది. లేచి నిలబడగానే కళ్లు తిరిగి గోడ పట్టుకున్నాను. బరువులు జిమ్‌లోనే వదిలేసినా, ఊపిరి బిగపట్టే అలవాటు మాత్రం నాతోపాటు ఇంటికి వచ్చేసిందని అప్పుడు తెలిసింది.

అన్నిటికంటే ముందు సరిచేసుకోవాల్సింది ఇదే. 1985లో కొందరు బాడీబిల్డర్లు లెగ్ ప్రెస్ (కాళ్లతో బరువు నెట్టే వ్యాయామం) చేస్తుండగా రక్తనాళంలోనే నేరుగా బీపీ కొలిస్తే సగటున 320/250 వచ్చింది. అందులో బరువుతో పాటు ఊపిరి బిగపట్టడానికీ వాటా ఉంది. ప్లాంక్, వాల్ సిట్ (గోడకు వీపు ఆనించి కుర్చీలో కూర్చున్నట్టు ఉండడం) లాంటివి కదలకుండా బిగించి ఉంచేవి కాబట్టి చేతిలో డంబెల్ లేకపోయినా బీపీ పెరుగుతుంది. బీపీ ఉన్నవాళ్లు 15 సెకన్లతో మొదలుపెట్టండి. పైకి వినబడేలా అంకెలు లెక్కపెట్టండి, ఎందుకంటే మాట్లాడుతూ ఊపిరి బిగపట్టలేం. గొంతు ఆగిపోయిందంటే ఆ సెట్ అక్కడితో ఆపేయాలి.

"ఇంట్లో చేసుకోవచ్చా?" అని మాత్రమే అడిగితే డాక్టర్ చేసుకోమంటారు. అలా కాదు, ఏయే వ్యాయామాలు చేయబోతున్నారో చెప్పి అడగండి, వీలైతే చేసి చూపించండి. వేసుకునే పౌడర్లన్నీ చెప్పండి. క్రియాటిన్ వాడుతుంటే రక్త పరీక్షలో కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎక్కువగా కనబడవచ్చు, వ్యాయామానికి ముందు తాగే ప్రీ వర్కౌట్‌లోని కెఫీన్ బీపీని పెంచుతుంది. కండ పెంచే స్టెరాయిడ్స్ తీసుకుని ఉంటే సిగ్గుపడి దాచకండి, మీ అంతట మీరు ఆపేయకండి కూడా. బయటి నుంచి హార్మోన్ వస్తుండడంతో ఒంట్లో దాని తయారీ తగ్గిపోయి ఉంటుంది, ఆపడం డాక్టర్ కనుసన్నల్లో జరగాలి. బీటా బ్లాకర్ (గుండె వేగాన్ని తగ్గించే మందు) మాత్ర వేసుకునేవాళ్లు వాచ్‌లో గుండె వేగం చూసి 'ఇంకా చేయొచ్చు' అనుకోకూడదు. ఎంత కష్టపడినా ఆ అంకె పెద్దగా పెరగదు.

పుషప్‌లో బరువు లేదనుకోవడం కూడా పొరపాటే. కిందికి దిగినప్పుడు ఒంటి బరువులో దాదాపు 75 శాతం చేతుల మీద పడుతుంది. 80 కిలోల మనిషికి అది 60 కిలోలు! ముందు గోడకు చేతులు ఆనించి చేయండి, తర్వాత కదలని బల్ల అంచు పట్టుకుని, ఆ తర్వాతే నేల మీద. పైగా ఇంట్లో అందరం పుషప్సే చేస్తాం, వెనక్కి లాగే వ్యాయామం మర్చిపోతాం. దాంతో భుజం ముందువైపు నొప్పి మొదలయ్యే ప్రమాదం ఉంది. అందుకే రబ్బరులా సాగే రెసిస్టెన్స్ బ్యాండ్‌తో రోయింగ్ (తెడ్డు వేసినట్టు వెనక్కి లాగడం) తప్పనిసరిగా చేర్చండి. బ్యాండ్‌ని ప్రతిసారీ సాగదీసి, పగుళ్లున్నాయేమో వెలుతురులో చూడండి. తెగితే నేరుగా కంటికే తగలొచ్చు. తలుపుకి కట్టేటప్పుడు, లాగితే మూసుకునే వైపునే కట్టాలి. చక్రాలున్న ఆఫీసు కుర్చీ అంచు మీద చేతులు ఆనించి ఒంటిని కిందికి దించి లేపే డిప్స్ అసలు వద్దు.

నడుము నొప్పి ఉన్నవాళ్లు నిద్ర లేచిన మొదటి గంటలో ముందుకు వంగే వ్యాయామాలు చేయకపోవడం మంచిది. రాత్రంతా పడుకుని ఉండడంతో డిస్కులు నీరు పీల్చుకుని బిర్రుగా ఉంటాయి.

కండ తగ్గిపోతుందన్న టెన్షన్ నాకు బాగా తెలుసు. అద్దం ముందు నిలబడి చేతులు కొలుచుకున్న రోజులున్నాయి. ఒకసారి పెరిగిన కండ కొంత తగ్గినా, మళ్లీ చేస్తే మొదటిసారి కంటే త్వరగా తిరిగి వస్తుంది. ఆ కంగారులో ఒక్కరోజే వందల స్క్వాట్స్ చేయకండి. విపరీతమైన కండరాల నొప్పితో పాటు మూత్రం ముదురు గోధుమ రంగులో వస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఛాతీలో బరువుగా అనిపించడం, చేతికో దవడకో పాకే నొప్పి, ఎప్పుడూ లేని ఆయాసం వచ్చినా అంతే.

జిమ్‌లో పడిపోతే పట్టుకోవడానికి పక్కన ఎవరో ఒకరుంటారు. ఇంట్లో ఒక్కరే చేస్తున్నప్పుడు గది తలుపు లోపల గడియ పెట్టకండి. ఫోన్‌ని అల్మారాలో కాకుండా నేల మీద, పడుకుని చెయ్యి చాపితే అందే చోట పెట్టుకోండి.