నాటాల్ వెళ్ళిన ముత్తాత జాడ – 3వ పాఠం: ఓడ పట్టికలో ఒక వరుస

పోయిన పాఠంలో ఇంట్లోని పాత కాగితాల్లోంచి మీ పెద్దాయన కలోనియల్ నంబరు, అంటే దక్షిణాఫ్రికాలోని నాటాల్‌లో దిగిన ప్రతి కూలీకీ ఇచ్చిన నంబరు, పట్టుకున్నాం. ఈ పాఠమంతా ఆ నంబరుతోనే పని.

మద్రాసులో బయలుదేరిన ట్రూరో ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. అది మొదలు 1911 దాకా లక్షన్నర మందికి పైగా భారతీయులు కూలీ ఒప్పందం మీద నాటాల్ వెళ్ళారు. దిగిన ప్రతి మనిషికీ ఒక నంబరు ఇచ్చి పట్టికలో ఎక్కించారు. ఆ పట్టికలు క్వాజులు-నాటాల్ విశ్వవిద్యాలయంలోని గాంధీ-లుథులి కేంద్రం వాళ్ళ దగ్గర డిజిటల్ రూపంలో ఉన్నాయి.

పేరుతో వెతకడం మొదలుపెట్టకండి. నేను అలాగే మొదలుపెట్టి నెలల తరబడి వేరే ఎవరో ముత్తాత వెంట తిరిగాను. పట్టిక రాసిన గుమాస్తా చెవికి వినబడినట్టు ఇంగ్లీషులో రాసుకున్నాడు కాబట్టి ఒక్క పేరే పది రకాలుగా కనిపిస్తుంది. నంబరు మాత్రం మారదు.

పాఠం కోసం ఒక వరుస ఊహించి రాస్తున్నాను:

అప్పలసామి – తండ్రి ఎరన్న – 24 ఏళ్ళు – గవర – జిల్లా వైజాగపటం – తాలూకా అనకాపల్లి – ఊరు కాసిన్‌కోటా – ఎడమ మోకాలి కింద మచ్చ.

ముందు పైకి చదవండి, మన యాసలో. కాసిన్‌కోటా అన్నది కశింకోట అని నోటికే తెలిసిపోతుంది. ఎరన్న ఎర్రన్న అయ్యుండాలి. ఊరి గడి చెరిగిపోయినా అప్పలసామి అన్న పేరే ఒక దారి చూపిస్తుంది: సింహాచలం అప్పన్నను కొలిచే ఉత్తరాంధ్రలో అప్పలస్వామి, అప్పన్న, అప్పలమ్మ ఇంటింటా వినబడే పేర్లు. మునుస్వామి, మునెమ్మ అని ఉంటే చిత్తూరు, తమిళ సరిహద్దు వైపు చూడండి. పేరు రుజువు కాదు, ఆచూకీ మాత్రమే.

జిల్లా దగ్గరే ఎక్కువ మంది దారి తప్పుతారు. చంద్రగిరి తాలూకా అప్పట్లో నార్త్ ఆర్కాట్‌లో ఉండేది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వచ్చింది, 2022 నుంచి తిరుపతి జిల్లాలో ఉంది. నార్త్ ఆర్కాట్ అని కనబడగానే తమిళనాడులో వెతకడం మొదలుపెట్టకండి. ముందు తాలూకా చూడండి. ఈ కశింకోట కూడా ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉంది.

కులం గడి ఉన్నదున్నట్టు రాసుకోండి, దాని మీద వాదనలు పెట్టుకోకండి. డిపోలో (ఓడ ఎక్కే ముందు కూలీలను ఉంచిన చోట) ఆ మనిషి చెప్పినది, గుమాస్తాకి అర్థమైనది కలిసి అక్కడ పడ్డాయి.

ఇక నాకు ఎంతో విలువైనదిగా తోచేది పక్క వరుసలు. కుటుంబంగా వచ్చినవాళ్ళకి సాధారణంగా వరుస నంబర్లే పడ్డాయి. మీ నంబరుకి ముందు పది, వెనక పది చదవండి. తండ్రి పేరు కలిస్తే తమ్ముడు కావచ్చు. అదే ఊరి పేరు ఉంటే కలిసి ఇల్లు విడిచినవాళ్ళు కావచ్చు. ఇంట్లో ఎవరూ చెప్పని ముత్తవ్వ ఒక్కోసారి ఆ పక్క నంబరులోనే ఉంటుంది.

అభ్యాసం: మీ వరుసను గడి గడిగా ఎత్తి రాయండి. కింద తెలుగు ఉచ్చారణ, దాని కింద నేటి మండలం, జిల్లా రాయండి. అనుమానం ఉన్నచోట ప్రశ్న గుర్తు పెట్టండి, చెరపకండి. వచ్చే పాఠంలో ఇదే నంబరు పట్టుకుని పీటర్‌మారిట్జ్‌బర్గ్ ఆర్కైవ్స్‌లోని ఫైళ్ళు తెరుద్దాం.