15 కేజీల రోబోకి ఫ్లిప్పర్ డిజైన్ చేయడం ఎలా?

రోబో పోటీల్లో ప్రత్యర్థి కిందికి దూరి, ఒక్క ఊపున పైకి ఎత్తి విసిరేసే ఆయుధమే ఫ్లిప్పర్. ఒత్తిడితో నింపిన గాలి సిలిండర్‌లోని పిస్టన్‌ని నెడితే, వెనక మడత బందు (హింజ్) మీద తిరిగే ఒక చెయ్యి (ఆర్మ్) పైకి లేస్తుంది. 2015లో అమెరికా టీవీ పోటీ బ్యాటిల్‌బాట్స్‌లో బ్రాంకో అనే రోబో స్టింగర్‌ని ఏకంగా అరీనా బయట పడేసింది. బ్రిటన్ టీవీ పోటీ రోబోట్ వార్స్‌లో కేయాస్ 2 అనే రోబో వరసగా రెండు సీజన్లు చాంపియన్. 2016లో గెలిచిన అపోలో, 2017లో గెలిచిన ఇరప్షన్ కూడా ఫ్లిప్పర్లే. మన కాలేజీ ఫెస్టుల రోబోవార్స్‌లో 8, 15, 60 కేజీల తరగతులు కనిపిస్తుంటాయి. ఇక్కడ 15 కేజీల రోబోని లెక్కలోకి తీసుకుందాం.

చాలామంది "ఎన్ని బార్ల ప్రెషర్ పెట్టాలి?" అన్న ప్రశ్నతో మొదలుపెడతారు (బార్ అంటే ఒత్తిడి కొలత). నా దృష్టిలో అది చివర్లో తేల్చుకోవాల్సిన సంగతి. ఆర్మ్ చివర నేలని తాకే అంచు దగ్గర మొదలుపెట్టి వెనక్కి రావాలి. అంతకంటే ముందు పోటీ రూల్ బుక్ చదవండి. ఏ గ్యాస్ వాడొచ్చు, ఎంత ప్రెషర్ దాటకూడదు అన్నది ఒక్కో పోటీలో ఒక్కోలా ఉంటుంది.

1. ఎంత శక్తి కావాలో లెక్కేయండి

ప్రత్యర్థి బరువు 15 కేజీలు, వెడల్పు 40 సెం.మీ., దాని గరిమనాభి నేలకి 8 సెం.మీ. ఎత్తులో ఉందనుకుందాం. దాన్ని పక్కకి బోర్లా వేయాలంటే గరిమనాభి ఒక అంచు మీదుగా దాటాలి, అంటే దాదాపు 21.5 సెం.మీ. ఎత్తుకి చేరాలి. పెరగాల్సింది 13.5 సెం.మీ. 15 × 9.8 × 0.135 అంటే సుమారు 20 జౌల్స్. గాల్లోకి అర మీటరు ఎగరేయాలంటే 73 జౌల్స్ దాకా కావాలి. బోర్లా వేయడానికీ ఎగరేయడానికీ ఇంత తేడా ఉంది కాబట్టి మీకు ఏది కావాలో ముందే నిర్ణయించుకోండి. తిరిగి లేవలేని ప్రత్యర్థి అయితే బోర్లా పడితే చాలు, మ్యాచ్ మీదే.

2. అంచు

ఎంత బలమైన సిలిండర్ ఉన్నా, అంచు ప్రత్యర్థి కిందికి దూరకపోతే దండగే. అంచుకి స్ప్రింగ్ స్టీల్ పట్టీ వాడండి. అడుగు చదునుగా ఉంచి, పైవైపు మాత్రమే సానపట్టాలి. రెండువైపులా సానపడితే మొన నేల నుంచి కొంచెం పైకి లేస్తుంది, ఆ సందు చాలు ప్రత్యర్థి వెడ్జ్ (ముందుండే వాలు పలక) దూరడానికి. ఆర్మ్ తన బరువుతో తానే నేల మీద వాలేలా, సిలిండర్ పిన్ను కూర్చునే రంధ్రాన్ని కొంచెం కోలగా చేయండి.

పరీక్ష తేలిక. రోబోని గాజు పలక మీదో గ్రానైట్ బండ మీదో పెట్టి, ముందునుంచి ఒక ఎ4 కాగితం జరపండి. కాగితం అంచు మీదికి ఎక్కాలి. ఎక్కడైనా కిందికి దూరితే అక్కడ మళ్లీ సానపట్టాల్సిందే.

3. హింజ్ ఎక్కడ?

వెనక హింజ్ ఉన్న డిజైనే మొదటిసారి చేసేవాళ్లకి సులువు. హింజ్‌ని అంచు కంటే ఎత్తులో పెడితే, ఆర్మ్ లేచేటప్పుడు అంచు మొదట ముందుకీ పైకీ కదులుతుంది, అంటే ప్రత్యర్థి కిందికి ఇంకా లోతుగా వెళుతుంది. హింజ్ నేలకి ఆనుకుని ఉంటే అంచు మొదటి క్షణం నుంచే వెనక్కి జారుతూ లేస్తుంది, ప్రత్యర్థి జారిపోవచ్చు. కంప్యూటర్‌లో (క్యాడ్) గీసే ముందు అట్టముక్కలు కత్తిరించి, గుండుసూదులు హింజ్‌లుగా గుచ్చి కదిపి చూడండి. అదే అట్ట బొమ్మని తలకిందులు చేసి, ఆర్మ్ నేలని తన్నితే మన రోబో తిరిగి నిలబడగలదా అన్నదీ చూడొచ్చు.

4. సిలిండర్

50 మి.మీ. బోర్ (లోపలి వ్యాసం), 100 మి.మీ. స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) ఉన్న సిలిండర్‌కి 8 బార్ల ప్రెషర్ ఇస్తే బలం సుమారు 1,570 న్యూటన్లు, అంటే 160 కేజీల తోపు. స్ట్రోక్ మొత్తానికి కాగితం మీద 157 జౌల్స్. అందులో సగం కూడా రాదనుకునే డిజైన్ చేయండి, ఎందుకంటే పిస్టన్ కదిలే వేగానికి గాలి అందదు. 40 సెం.మీ. ఆర్మ్‌లో సిలిండర్‌ని హింజ్ నుంచి మూడో వంతు దూరంలో బిగిస్తే అంచు దగ్గర 520 న్యూటన్లు, 30 సెం.మీ. కదలిక వస్తాయి. ఇది సిలిండర్ ఆర్మ్‌కి నిటారుగా ఉన్నప్పటి లెక్క. 30 డిగ్రీల కోణంలో పడుకుని ఉంటే తొలి తోపు సగమే.

ఇక్కడే చాలా డిజైన్లు దెబ్బతింటాయి. అంచు ప్రత్యర్థిని ఎంత బలంతో పైకి నెడుతుందో, మన రోబో ముక్కుని అంతే బలంతో నేలకి నొక్కుతుంది. మన రోబో నేలని ఆనే ముందు బిందువు, అంచుకి 8 సెం.మీ. వెనక ఉందనుకోండి. రోబోని ముందుకి తిప్పే మెలి (టార్క్) 520 × 8 అంటే 4,160 న్యూటన్-సెం.మీ. దాన్ని ఆపేది మన రోబో బరువు 147 న్యూటన్లు, గరిమనాభి ఆ బిందువుకి 20 సెం.మీ. వెనక ఉంటే 2,940 మాత్రమే. వెనక చక్రాలు గాల్లోకి లేస్తాయి, ఎత్తాల్సిన శక్తిలో కొంత మనల్ని మనమే ఎత్తుకోవడానికి పోతుంది. ఆ దూరం 5 సెం.మీ.కి తగ్గిస్తే మెలి 2,600కి దిగి రోబో నిలబడుతుంది. అందుకే ముక్కు కింద, అంచుకి వీలైనంత దగ్గరగా, నేలకి ఆనే గట్టి ప్లాస్టిక్ దిమ్మలు (స్కిడ్లు) బిగించండి.

5. గాలి

లీటరు ట్యాంకులో 8 బార్లు నింపి దిగితే ఒక్కో దెబ్బకి 0.2 లీటరు సిలిండర్‌లోకి పోతుంది. మొదటి దెబ్బ తర్వాత 6.5 బార్లు, రెండో దాని తర్వాత 5.2, మూడో దాని తర్వాత 4 చిల్లర. అందుకే ఎక్కువ ప్రెషర్‌లో నిల్వ చేసి, రెగ్యులేటర్‌తో తగ్గించి, వాల్వ్ పక్కనే ఒక చిన్న బఫర్ ట్యాంకు పెడతారు. వాల్వ్ రంధ్రం, గొట్టం లావు ప్రెషర్ కంటే ముఖ్యం. 6 మి.మీ. బదులు 12 మి.మీ. గొట్టం వేస్తే దారి నాలుగింతలు అవుతుంది. ఫిట్టింగ్స్‌కి సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో విజయవాడ ఆటోనగర్‌లోనో ఒక పూట తిరిగి, వస్తువు చేత్తో పట్టుకుని రంధ్రం చూసి కొనండి.

కార్బన్ డయాక్సైడ్ వాడితే ఒక్కో దెబ్బకి సుమారు 3 గ్రాములు ఖర్చవుతుంది. 20 డిగ్రీల దగ్గర సీసాలో 57 బార్లు ఉంటుంది. 31 డిగ్రీలు దాటాక అది ద్రవంగా ఉండదు, నిండు సీసాలో ప్రెషర్ చాలా వేగంగా పెరిగిపోతుంది. మన ఏప్రిల్, మే ఎండల్లో ఆ సీసాని కారులో వదిలేయడం నిజంగా ప్రమాదం. సీసా మీద ముద్రించిన బరువుకి మించి నింపొద్దు, బర్స్ట్ డిస్క్ (ప్రెషర్ మితిమీరితే తానే పగిలి గ్యాస్‌ని వదిలేసే రేకు) లేని సీసా కొనొద్దు.

6. ఆపే బెల్టు, తాళం

పిస్టన్‌ని సిలిండర్ మూత ఆపకూడదు, నాలుగు దెబ్బలకి మూత ఊడిపోతుంది. లారీ సామాన్లు కట్టే నైలాన్ బెల్టుని ఆర్మ్‌కీ ఛాసిస్‌కీ కట్టి, స్ట్రోక్ ముగిసే కాస్త ముందే బిగుసుకునేలా చూడండి. అరీనా బయట ప్రెషర్ ఉన్నంతసేపూ ఆర్మ్‌ని పట్టి ఉంచే స్టీల్ పిన్ను, బయటినుంచే గాలి వదిలేసే డంప్ వాల్వ్, ప్రెషర్ మించితే తానే తెరుచుకునే రిలీఫ్ వాల్వ్ తప్పనిసరి. గాలి నిల్వకి పీవీసీ పైపు ఎప్పుడూ వద్దు, అది పగిలితే ముక్కలై దూసుకొస్తుంది. ఆర్మ్ ఎదుట, పైన ఎవరి తలా ఉండకూడదు.

7. పరీక్ష

15 కేజీల ఇసుక మూటని అంచు మీద పెట్టి, 3 బార్ల దగ్గర మొదలుపెట్టి ఒక్కో బార్ పెంచుతూ, ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీయండి. వెనక చక్రాలు లేస్తుంటే స్కిడ్లు ముందుకి జరపండి. ఆర్మ్ సగం దూరంలోనే నెమ్మదిస్తుంటే గాలి అందడం లేదు, వాల్వ్ మార్చండి. మూట ముందుకి కాకుండా మన రోబో మీదికే వచ్చి పడుతుంటే హింజ్ ఎత్తు పెంచండి.